భారతదేశపు కూజా మొక్క – ఒక పరిశీలన

మా కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఒక అద్దాల బీరువా ఉన్నది. అందు రెండవ అరలో, ఫార్మలిన్ నింపిన ఒక సీసాలో, రంగు వెలిసి గోధుమవన్నెకు తిరిగిన చిన్న కూజా వంటి వస్తువొకటి మునిగి ఉంటుంది. ప్రాక్టికల్ పరీక్షలలో దానిని గుర్తింపు నమూనాగా బల్లమీద పెడతారు. 'నెపెంథిస్, కీటకాహార మొక్క, ఆకు యొక్క రూపాంతరము' అని మూడు ముక్కలు వ్రాసి మేమందరమూ మార్కులు పొందినవారమే. ఆ సీసా మీది చీటీలో మొక్క పేరు తప్ప వేరేమీ లేదు. అది ఏ కొండమీద పెరిగినది, దానిని ఎవరు, ఏనాడు కోసి తెచ్చినారు అన్న ప్రశ్న మాకెవ్వరికీ తోచలేదు. ఈ సంవత్సరము ఆ ప్రశ్న తోచినది. దానికి సమాధానము వెదకుతూ మేము తెలుసుకొన్న విషయములను తోటి విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పేరు – పుట్టుక

ముందుగా పేరును గూర్చి ఒక మాట. వేసవిలో మన ఇండ్లలో నీటిని చల్లబరచే మట్టిపాత్రను కూజా అంటాము. ఈ మాట పారసీకములో పుట్టి ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి మన ఇంటి మాటగా స్థిరపడినది. మా కళాశాలలో ఉర్దూ మిత్రులకు, తెలుగు మిత్రులకు విడిగా వివరింపనక్కరలేని శాస్త్ర పదములు కొద్దిగానే ఉన్నవి. వాటిలో 'కూజా మొక్క' ఒకటి. ఇట్టి మొక్కలన్నింటినీ కలిపి తెలుగులో కీటకాహార మొక్కలని, ఉర్దూలో 'గోష్త్‌ఖోర్ పౌధే' అని వ్యవహరిస్తారు.

శాస్త్రీయ నామమైన 'నెపెంథిస్'ను లిన్నేయస్ 1737లో వాడుకలోనికి తెచ్చినాడు. గ్రీకు మహాకవి హోమరు కావ్యములో దుఃఖమును మరపించే మందు ఒకటి వస్తుంది. దాని పేరునే ఆయన ఈ మొక్కకు పెట్టినాడు. ఎంతో శ్రమపడి దేశములు తిరిగిన వృక్షశాస్త్రజ్ఞుడు ఈ మొక్కను చూచినంతనే తన కష్టములన్నీ మరచిపోతాడని ఆయన భావము.

ఈ ప్రజాతిలో నేటికి నూట అరువదికి పైగా జాతులు గుర్తింపబడినవి. పడమట మడగాస్కర్ నుండి తూర్పున న్యూ కాలెడోనియా వరకు అవి వ్యాపించి ఉన్నవి. బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్సు దీవుల కొండ అడవులు వాటికి పుట్టినిండ్లు. మన దేశమునందు మాత్రము సహజముగా పెరిగేది ఒకే ఒక జాతి. అది నెపెంథిస్ ఖాసియానా. మేఘాలయ రాష్ట్రములోని గారో, ఖాసీ, జయంతియా కొండలు దాని నివాసము. సుమారు 1,500 మీటర్ల ఎత్తు వరకు అది కనిపిస్తుంది. 1850లో ఖాసీ కొండలలో సంచరించిన జోసెఫ్ డాల్టన్ హుకర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ జాతిని 1873లో శాస్త్రీయముగా వర్ణించినాడు.

కాని ఆ కొండల ప్రజలు హుకర్‌కు ఎంతో ముందే ఈ మొక్కను ఎరుగుదురు. గారోలు దీనిని 'మేమాంగ్ కోక్సి' అంటారు. దయ్యపు బుట్ట అని దాని అర్థము. ఖాసీలు 'తియూ రాకొత్' అంటారు. రాక్షస పుష్పమని అర్థము. మూత విప్పని లేతకూజాలోని ద్రవమును కంటి జబ్బులకు మందుగా వాడే ఆచారము కూడ అచట కలదు. దయ్యమని పేరు పెట్టినవారే దానిలో మందును కూడ చూచినారు. అడవితో కలిసి బ్రతికే వారి జ్ఞానము అట్టిది.

ఆకే కూజా

చూచినవారు చాలమంది ఈ కూజాను పువ్వు అనుకొంటారు. అది పువ్వు కాదు, కాయ కాదు. ఆకులోని భాగమే. మన పాఠ్యగ్రంథములు దీనిని ఇట్లు వివరిస్తవి: ఆకు అడుగుభాగము వెడల్పుగా, పచ్చగా పెరిగి ఆహారము తయారుచేస్తుంది. దాని కొన సన్నని నులితీగగా సాగి పక్కనున్న కొమ్మలను చుట్టుకొంటుంది. ఆ నులితీగ చివర ఆకు యొక్క దళము కూజాగా మారుతుంది. కూజా నోటిపైన ఒక మూత ఉంటుంది.

మూతను గూర్చి ఒక అపోహను ఇచట తొలగింపవలెను. ఈగ వాలగానే మూత టక్కున మూసుకొంటుందని మాలో పలువురము నమ్మినాము. చిన్నప్పుడు కథల పుస్తకములలో చూచిన బొమ్మల ప్రభావమది. నిజమునకు కూజా ఒకసారి తెరచుకొన్న తరువాత దాని మూత కదలదు. వానచినుకులు లోపలి ద్రవమును పలుచన చేయకుండ గొడుగువలె అడ్డుకొనుట దాని ముఖ్యమైన పని. ఆకును మూసి పట్టుకొనే అలవాటు అమెరికాలో పెరిగే డయోనియా అను వేరొక మొక్కది.

నెపెంథిస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. పుప్పొడి ఒక మొక్కనుండి మరొక మొక్కకు చేరనిదే గింజ కట్టదు. గింజలు వెండ్రుకలవలె సన్నగా, తేలికగా ఉండి గాలికి కొట్టుకొనిపోతవి. ఒక గుట్టమీద మగ మొక్కలు మాత్రమే మిగిలినవనుకొందము. చూచేవారికి అవి పచ్చగానే కనిపిస్తవి. సంతతి మాత్రము అచటితో ఆగిపోయినట్లే. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము. ముందు దీనితో పని ఉన్నది.

వేట జరిగే తీరు

కదలని మొక్క కదిలే పురుగును ఎట్లు పట్టగలదు? కూజా నోటి చుట్టు కంకణము వంటి మెరిసే అంచు ఉన్నది. అచట తేనె ఊరుతుంది. ఆ తేనెకు చీమలు, ఈగలు వస్తవి. తిరువనంతపురము సమీపమున పాలోడులో గల జవహర్‌లాల్ నెహ్రూ ఉష్ణమండల వృక్షోద్యానపు శాస్త్రజ్ఞులు 2013లో ఒక వింతను ప్రకటించినారు. అతినీలలోహిత కాంతిలో ఈ ఖాసియానా కూజా అంచు నీలముగా వెలుగుతుందట. ఆ కాంతిని మన కన్నులు చూడలేవు. అనేక కీటకములు చూడగలవు. మనకు మామూలు అంచుగా కనిపించేది పురుగులకు దీపము పెట్టిన వాకిలి.

ఆ అంచు తడిసినపుడు దానిమీద సన్నని నీటిపొర నిలుస్తుంది. పురుగు కాలు ఆ పొరమీద పట్టు దొరకక జారుతుంది. తడిసిన నాపరాతి మెట్లమీద మనము జారినట్లే. అంచు ఆరినపుడు మాత్రము చీమ నిర్భయముగా నడిచి, తేనె త్రాగి, తిరిగిపోతుంది. ఇది మొక్కకు నష్టమని పైకి తోస్తుంది. కాని బోర్నియోలోని మరొక నెపెంథిస్ జాతిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు కనుగొన్నది వేరు: ప్రాణముతో తిరిగిపోయిన ఆ చీమ తన తోటివారిని వెంటబెట్టుకొని వస్తుంది, అంతలో అంచు తడిస్తే గుంపు గుంపే లోపల పడుతుంది.

పడిన పురుగు పైకి ప్రాకుటకు ప్రయత్నిస్తుంది. లోపలి గోడ పైభాగమున మైనపు పొడి పూసినట్లున్న నునుపు ఉన్నది. కాలు నిలువదు. అడుగున ఉన్న ద్రవములో మునిగి చనిపోతుంది. కూజా క్రిందిభాగపు గోడలలోని గ్రంథులు జీర్ణరసమును స్రవిస్తవి. ఆ రసములోని ఎంజైములు మాంసకృత్తులను విడగొడతవి. ఆ గోడలే జీర్ణమైన సారమును పీల్చుకొంటవి. హుకర్ 1874లో బెల్‌ఫాస్ట్ నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఈ విషయమునే ప్రసంగించినాడు. కూజాలలో గ్రుడ్డు తెల్లసొన, మాంసపు ముక్కలు వేసి అవి కరగుటను ఆయన పరిశీలించినాడు. మరుసటి సంవత్సరము, 1875లో, ఆయన మిత్రుడు చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కలమీద ప్రత్యేకముగా ఒక గ్రంథమునే వెలువరించినాడు.

ఇంకొక వింత. పురుగులను చంపే ఆ ద్రవములోనే కొన్ని దోమపిల్లలు హాయిగా పెరుగుతవి. ఒకరికి మృత్యుకూపమైనది మరొకరికి పురుటిల్లు!

ఎందుకీ వేట?

ఇది మా పరిశీలనలో ముఖ్య భాగము. పచ్చని ఆకులుండి, ఎండ ఉండి, నీరుండి, మొక్క పురుగులను పట్టవలసిన అగత్యమేమి?

సమాధానము నేలలో ఉన్నది. మేఘాలయ ప్రపంచములోకెల్ల వాన ఎక్కువగా కురిసే ప్రాంతములలో ఒకటి. మాసిన్‌రాంలో సగటున ఏటా 11,000 మిల్లీమీటర్లకు పైగా వర్షము పడుతుంది. మన నిజామాబాదు వర్షము దానిలో పదవవంతు కూడ ఉండదు. అంతటి వాన ఏటేట కొండవాలును కడుగుతూ ఉంటే నేలలోని పోషక లవణములు కొట్టుకొనిపోతవి. మిగిలేది ఆమ్లగుణముగల పేదనేల. అందు నత్రజని మిక్కిలి కొరత. గాలిలో నూటికి డెబ్బది ఎనిమిది పాళ్ళు నత్రజనియే ఉన్నది. కాని దానిని నేరుగా వాడుకొనే శక్తి మొక్కకు లేదు.

ఈ సమస్య మన ప్రాంతపు రైతుకు క్రొత్త కాదు. బోధను పరిసరములలో చెరకు వేసినవారికి, ఆర్మూరు వైపు పసుపు వేసినవారికి నత్రజని ఖరీదు తెలుసు. యూరియా బస్తాలో నూటికి నలుబదియారు పాళ్ళు నత్రజని. ఆ బస్తాకై వరుసలో నిలిచినవారి పిల్లలు మాలో ఉన్నారు. జనుము, జీలుగ చల్లి పూతకు రాగానే దున్నివేసే పచ్చిరొట్ట పద్ధతి కూడ మనవారికి తెలిసినదే. ఆ మొక్కల వేరుబుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తవి. చెరకు నత్రజనిని రైతు చేతినుండి పొందుతుంది. జనుము సూక్ష్మజీవులతో స్నేహము చేసి పొందుతుంది. కూజా మొక్కకు రైతు లేడు, ఆ స్నేహము లేదు. అందుచేత అది పురుగు దేహములోని నత్రజనిని తీసుకొంటున్నది. క్రూరత్వము కాదిది, బ్రతుకుతెరువు.

దీనికి నిదర్శనములు వేరు దేశములలోనూ ఉన్నవి. బోర్నియో కొండలలోని నెపెంథిస్ లోవై అను జాతి, ఉడుతను పోలిన ఒక చిన్న జంతువునకు తేనె పెట్టి, అది తన కూజాలో వేసే పెంటనుండి నత్రజని పొందుతున్నదని 2009లో వెల్లడియైనది. నెపెంథిస్ ఆంపుల్లేరియా చెట్లనుండి రాలే ఎండుటాకులను కూజాలలో పట్టి వాటి సారమును గ్రహిస్తుంది. 2022లో ప్రకటింపబడిన నెపెంథిస్ పుడికా అయితే కూజాలను నేలలోపలనే పెంచి అచటి పురుగులను పట్టుకొంటుంది. ఉత్తర అమెరికా బురదనేలలలో సరసీనియా అను వేరొక కుటుంబపు కూజా మొక్క ఉన్నది. దానికి పరిశోధకులు నత్రజని ఎరువు అందించి చూచినారు. అది కూజాలను తగ్గించి మామూలు వెడల్పాకులను వేయసాగినది. తిండి సులభముగా దొరికినపుడు వేటతో పని ఏమున్నది?

అయితే ఎరువు పడుట ఈ మొక్కలకు మేలనుకొనరాదు. నేల సారవంతమైనచో గడ్డి, పొదలు ఏపుగా లేచి వీటిని కప్పివేస్తవి. పేదనేలమీద పోటీ లేదు కనుకనే ఇవి నిలిచినవి. మనము లోపమనుకొనేదే వీటికి రక్షణ.

మెండోర కుంటలో

ఇదంతయు ఎక్కడనో ఈశాన్యమున జరిగే విషయము, మనకేమి అని కొందరు మిత్రులు అడిగినారు. మాలో ఒకరి స్వగ్రామము మెండోర. 1963 జూలై 26న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయమునకు అది సమీపమున ఉన్నది. వానలు వెనుకబట్టిన తరువాత ఒక ఆదివారము మేము ఆ పరిసరములకు వెళ్ళినాము. పొలముల నడుమ ఒక చిన్న కుంటలో, నీటిపైన పసుపుపచ్చని చిన్నచిన్న పువ్వులు నిలిచి ఉండుట చూచినాము. వేరు లేని మొక్క. నీటిలో దారపు పోగులవంటి ఆకులు. వాటినిండ ఆవగింజకన్న చిన్నవైన తిత్తులు. అదే యుట్రిక్యులేరియా. మన చెరువులలో, వరిమళ్ళలో పెరిగే కీటకాహార మొక్క.

ఆ తిత్తి పనితనము కూజాను మించినది. మొక్క తిత్తిలోని నీటిని బయటకు తోడి లోపల పీడనము తగ్గించి ఉంచుతుంది. నీటిపురుగు వచ్చి తలుపు దగ్గరి వెండ్రుకలను తాకగానే తలుపు తెరచుకొని నీటితోబాటు పురుగును లోనికి పీల్చుకొంటుంది. సెకనులో వెయ్యవవంతు లోపలనే ఈ పని ముగియునని శాస్త్రజ్ఞులు వేగమైన కెమెరాలతో కొలిచినారు. మేము తెచ్చిన ఒక రెమ్మను సూక్ష్మదర్శిని క్రింద పెట్టినపుడు ఒక తిత్తిలో కాళ్ళు ఆడించుచున్న పురుగు కనిపించినది. ప్రయోగశాలలో అంత నిశ్శబ్దము మునుపు మేమెరుగము. మన తెలుగు నేలమీద తేమగల ఇసుకనేలలలో పెరిగే డ్రాసెరా కూడ ఈ కోవకు చెందినదే. దాని ఆకులమీది బంకబొట్లు మంచుబిందువులవలె మెరుస్తూ పురుగులను అంటించుకొంటవి.

తిరిగి వచ్చేటపుడు కుంట గట్టున ఎదురైన ఒక పెద్దాయనను 'తాతా, ఈ కుంట ఎవరిది?' అని అడిగినాము. 'ఎవలది గాదు బిడ్డా, బంజరు. వచ్చే ఏడు పూడుస్తరట' అన్నాడు.

బంజరు అను మాట

కూజావలెనే బంజరు కూడ ఉర్దూ, తెలుగు రెండింటికీ ఉమ్మడి మాట. పంట పండని భూమి అని దాని అర్థము. పంట అనగా మనకు పనికివచ్చే పంట. పైరు పండనిచోట మరేమీ లేదని ఆ మాట మనచేత అనిపిస్తుంది. కూజా మొక్కకు వచ్చిన ముప్పునకు మూలము సరిగా ఇదే.

మేఘాలయలో కూజా మొక్క పెరిగే కొండల క్రింద బొగ్గు ఉన్నది. ఎలుక బొరియల వంటి సన్నని సొరంగములు త్రవ్వి బొగ్గు తీసే పద్ధతి అచట చాలకాలము సాగినది. 2014 ఏప్రిల్‌లో జాతీయ హరిత న్యాయస్థానము దానిని నిషేధించినది. పోడు వ్యవసాయపు విరామకాలము తగ్గిపోవుట, కార్చిచ్చు, రాళ్ళ త్రవ్వకము మరికొన్ని కారణములు. వీటన్నింటితో బాటు, వింతమొక్కగా అమ్ముటకు వేళ్ళతో పెరికే వ్యాపారము ఒకటి ఉన్నది. మొక్కలు అచటచట చిన్న గుంపులుగా విడిపోయినపుడు మగ మొక్క ఒక గుట్టమీద, ఆడ మొక్క వేరొక గుట్టమీద మిగిలిపోతవి. పైన గుర్తుంచుకొనమని కోరిన విషయము ఇచట పనికివస్తుంది. పదిమంది పది మొక్కలు తీసుకొనిపోతే పోయేది పది మొక్కలు కాదు. ఆ గుట్టమీది రేపటి తరము. ఆ కొండల బీదప్రజలను నిందించుట మా అభిమతము కాదు. వారికి బొగ్గు, పోడు కూడు పెట్టినవి. వారి బ్రతుకుతెరువునకు దారి చూపక మొక్కను మాత్రమే కాపాడుట సాధ్యము కాదు.

రక్షణ

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఈ జాతిని ప్రమాదములో ఉన్నదానిగా గుర్తించినది. వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారమును నియంత్రించే ఒడంబడిక మొదటి అనుబంధములో ఇది ఉన్నది. అనగా అడవినుండి తీసిన మొక్కను దేశముల మధ్య వ్యాపారము చేయరాదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణ ద్వారా ఆరవ షెడ్యూలులో మొక్కలకు కూడ చోటు లభించినది. అందలి అతి చిన్న జాబితాలో కూజా మొక్కతోబాటు మన తిరుమల, కడప కొండలలో పెరిగే సైకస్ బెడ్డోమి కూడ ఉండినది. మేఘాలయ మొక్క, ఆంధ్రదేశపు మొక్క ఒకే పట్టికలో పక్కపక్కన నిలిచినవి. 2022 సవరణలో ఈ షెడ్యూళ్ళ క్రమము మారి మొక్కల పట్టిక మూడవ షెడ్యూలు అయినది.

గారో కొండలలోని బాఘ్మారా వద్ద ఈ మొక్కకై ఒక చిన్న అభయారణ్యము కలదు. షిల్లాంగులోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయములోను, పాలోడు వృక్షోద్యానములోను కణజాల వర్ధన పద్ధతిలో, అనగా మొక్కలోని చిన్న భాగమునుండి గాజు పాత్రలలో, పిల్లమొక్కలను పెంచే విధానములు సిద్ధమైనవి. ఇది సంతోషింపదగినది. కాని గాజు పాత్రలో మొలచిన మొక్కకు తిరిగి నాటుకొనుటకు కొండ మిగిలి ఉండవలెను.

ముగింపు – ఒక విన్నపము

ఇప్పుడు మా సీసా వద్దకు తిరిగి వస్తాము. అందలి కూజా ఏ కొండదో తెలుసుకొనుటకు పాత రిజిస్టర్లు వెదకినాము. కొన్న లెక్క ఉన్నది. పుట్టిన చోటు లేదు. అది ఏ జాతియో కూడ ఇక నిశ్చయముగా చెప్పలేము. చోటు, తేదీ లేని నమూనా శాస్త్రమునకు సాక్ష్యముగా నిలువదు. మాకు మార్కులు తెచ్చిపెట్టిన ఆ మూడు ముక్కల సమాధానము ఎంత అసంపూర్ణమో అప్పుడు తెలిసినది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపములు. ఇకమీదట నమూనాలు కొనవలసివచ్చినపుడు పుట్టిన చోటు, సేకరించిన తేదీ తెలిపే చీటీ ఉన్నవానినే కొనవలెను. చట్టరక్షణగల మొక్కలకు బదులు మట్టిబొమ్మలు, చిత్రపటములు చాలును. రెండవది, తోటలో ఒక సిమెంటు తొట్టి ఇప్పించవలెను. అందు చెరువునీరు పోసి, యుట్రిక్యులేరియాను ఎరువు సోకకుండ పెంచి, ఏటేట క్రొత్త విద్యార్థులకు ప్రాణముతో చూపగలము. తోటి విద్యార్థులకు ఒక్క మనవి: సెలవులలో మీ ఊరికి వెళ్ళినపుడు బంజరుగా వ్రాయబడిన కుంటనో, గట్టునో ఒకసారి వంగి చూడండి. అచట ఏమున్నదో, ఏ నెలలో పూచినదో వ్రాసుకొని రండి. పూడ్చుటకు ముందే ఆ వ్రాత ఉండవలెను.

మెండోర నుండి తెచ్చిన రెమ్మను ఎండబెట్టి హెర్బేరియం కాగితముమీద అంటించినాము. బీరువాలో ఆ సీసా పక్కనే దానిని ఉంచినాము. చీటీమీద పేరు, చోటు, తేదీ, కుంట గట్టు గుర్తులు అన్నియు వ్రాసినాము. ఆ పెద్దాయన చెప్పిన మాటను కూడ చివర ఒక పంక్తిగా చేర్చినాము.